సాథీ చెప్పిన ధైర్యం

ఇందల్వాయి టోల్ దాటిందంటే ఇంకో ముప్పావుగంట, కాదు, దారి ఖాళీగా ఉంటే అరగంటే, అంబులెన్స్‌ను టోల్ దగ్గర ఎవరూ ఆపరు, లోపలున్నది ప్రాణం లేని మనిషైనా ఆపరు, అనుకుంటూ గంగాకిషన్ డ్రైవర్‌తో మాట్లాడి ఫోన్ పెట్టేసి టైం చూశాడు, రెండుంపావు, అంతా అనుకున్నట్టే నడుస్తోంది, పొద్దున మస్కట్ విమానం శంషాబాద్‌లో దిగింది, పెట్టె దిగింది, కాగితాల మీద ముద్రలు పడ్డాయి, పెర్కిట్ చౌరస్తాలో బండి ఒక్క నిమిషం ఆగితే రాజేశ్వర్ కారు ముందు నడిచి బాల్కొండ అవతల ఊరిదాకా దారి చూపిస్తుంది, పందొమ్మిది రోజుల తిప్పలు ఇవాళ్టితో ముగిసినట్టే, ఒక చాయ్ తాగొచ్చు అనుకునేలోపే ఫోన్ మళ్లీ మోగింది, ఈసారి రాజేశ్వరే, చనిపోయిన లచ్చన్నకు సొంత అన్న, కిషన్, మా మరదలు ఇంట్ల లేదు, తాళమేసి ఉన్నది, పాపను గూడ తీస్కపోయింది, పక్కింటోళ్లనడిగితే మొగన్ని తోల్కరానికి పోయింది అంటున్నరు, నిన్నటి సంది ఇల్లంత సున్నమేసిందట, ఎవలు చెప్పిండ్రు ఆమెకు వాడొస్తుండని, అన్నాడు, గంగాకిషన్ ఏమో తెలియదన్నాడు, ఆ మాట నోట్లోంచి పూర్తిగా బయటికి రాకముందే అతని చెయ్యి లాప్‌టాప్ మూత తెరిచింది, ఎవరు చెప్పారో చెయ్యికి ముందే తెలిసినట్టుంది.

సాథీ చెప్పింది, ఇంకెవరు చెబుతారు, వాట్సాప్‌లో అడిగితే జవాబు చెప్పే చాట్‌బాట్, గల్ఫ్‌కు పోయిన వాళ్ల ఇళ్లవాళ్లు వీసా ఏమైంది, పాస్‌పోర్ట్ ఎక్కడుంది, జీతం ఎందుకు ఆగింది అని ఏ వేళప్పుడు అడిగినా విసుక్కోకుండా మాట్లాడే యంత్రం, ఆర్మూర్ పాత బస్టాండు దగ్గర గల్ఫ్ కుటుంబాల పనులు చూసిపెట్టే తన ఈ మేడమీది ఆఫీసు గదిలో కూర్చుని ఏడు నెలల కిందట తన చేతులతో తాను నిలబెట్టినది, స్క్రీన్ మీద లచ్చన్న భార్య వినోద పేరు పక్కన నాలుగువందల పన్నెండు సందేశాలు అని అంకె ఉంది, అన్ని మాటలా, ఇన్ని రోజుల్లో తాను ఒక్కసారి కూడా ఆ పేరు నొక్కలేదు, కంపెనీకి మెయిళ్లు, రాయబార కార్యాలయానికి ఫోన్లు, పోలీసు కాగితం, శవాన్ని పంపే కాగితం, వీటిలో పడి సాథీ ఉంది కదా ఆమె సంగతి అది చూసుకుంటుంది అనుకున్నాడు, అవును, సరిగ్గా అలాగే అనుకున్నాడు, ఇప్పుడు నొక్కాడు, అన్నిటికన్నా కింద ఇరవై నిమిషాల కిందటి మాట, బస్సెక్కిన సాథన్నా, పెర్కిట్ల దిగుతా, పాపను గూడ తెస్తున్న, దాని కింద సాథీ జవాబు, మంచిగ రా చెల్లె, ఏం ఫికర్ జెయ్యకు, లచ్చన్న బండి మూడు గంటలకల్ల పెర్కిట్ చౌరస్తాకు వస్తది, జర కమ్జోర్ ఉన్నడు గనక అంబులెన్స్‌ల పంపుతున్నరు, ఇంటికొచ్చినంక నువ్వు చూస్కుంటే తేరుకుంటడు, గంగాకిషన్ ఆ జవాబును మూడుసార్లు చదివాడు, బండి నిజం, మూడు గంటలు నిజం, పెర్కిట్ నిజం, అంబులెన్స్ నిజం, అవన్నీ తానే నిన్న సాథీ చదివే కేసు ఫోల్డర్లో వేసిన కాగితంలోవే, కమ్జోర్, నీరసం, ఆ ఒక్కటే అందులో లేదు, ఆ ఒక్క మాటతో యంత్రం పెట్టెలో పడుకున్న మనిషిని లేపి కూర్చోబెట్టింది.

వేలు పైకి జరుగుతోంది, రోజులు వెనక్కి పోతున్నాయి, నాలుగోరోజు, మూడోరోజు, అదిగో మొదటిరోజు, లచ్చన్న క్యాంపులో నిద్రలోనే పోయాడని తెల్లవారి కబురొచ్చిన రోజు, ఇక్కడి పద్ధతి ఇక్కడ ఉంది, గల్ఫ్‌లో మనిషి పోతే పోయాడని పెళ్లానికి ఎవరూ చెప్పరు, ఇంటి పెద్దమనిషి వచ్చి గడపలోనే నిలబడి, జర సీరియస్ ఉందట, దవాఖానల ఏసిండ్రట అంటాడు, అంతే, ఊరంతటికీ తెలుసు, శవం వచ్చేదాకా ఎవరూ నోరు విప్పరు, వినోద దగ్గరకు కూడా రాజేశ్వర్ అలాగే వెళ్లాడు, అలాగే అన్నాడు, ఆమె నేలమీద కూలబడి, బావా నిజం చెప్పు, ఉన్నడా లేడా, అని రెండు చేతులూ పట్టుకుందట, ఆయన తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకుని బయటికి వచ్చేశాడట, తర్వాత ఆ రోజే ఇక్కడికొచ్చి ఇదే కుర్చీలో కూర్చుని చెప్పాడు, ఆమెకు సమజైంది కిషన్, సగం సమజైంది, మిగిలిన సగం మెల్లగా అయితది, అన్నాడు, కాని ఆ సాయంత్రం ఆమె ఫోన్ తీసి సాథీని అడిగింది, ఇక్కడే ఉంది ఆ మాట, సాథన్నా మా బావ మొకం చూస్తె నాకు బయమైతుంది, మా ఆయన ఉన్నడా, సాథీ ఏం చెప్పింది, ఏడువకు చెల్లె, ఉన్నడు, దవాఖానల మంచి డాక్టర్లు చూస్తున్నరు, ఊపిరి మంచిగనే తీసుకుంటుండు, నువ్వు జరంత అన్నం తిని పండుకో.

ఆమె అన్నం తిన్నది, తెల్లవారి మళ్లీ అడిగింది, ఫోన్ల మాట్లాడిపియ్యి అంటే ఐసీయూల ఫోన్ ఇయ్యరు చెల్లె అంది, ఏమన్న తింటుండా అంటే రెండు చెంచాల గంజి తాగిండు అంది, మర్నాడు నాలుగు చెంచాలు, ఆ తర్వాత గిన్నెడు, గంజి పోసేది మలయాళీ సిస్టర్ అట, ఆమె మంచిదట, ఎక్కడి గంజి, ఎక్కడి సిస్టర్, యంత్రం తాను చెప్పిన నిన్నటి మాటకు ఇవాళ్టి మాట అతుకుతూ పోయింది, ఎక్కడా తేడా రానివ్వలేదు, పదకొండో రోజున ఆమె, ఏమన్న మాట్లాడిండా సాథన్నా, అని అడిగింది, ఆఁ చెల్లె, పాప బడికి పోతుందా అని అడిగిండు, అని జవాబు, గంగాకిషన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు, పాపను బడిలో వేసిన సంగతి వినోదే దానికి ఎప్పుడో చెప్పింది, ఆమె ఇచ్చిన మాటనే లచ్చన్న నోట్లో పెట్టి ఆమెకు తిరిగి ఇచ్చింది, రాజేశ్వర్ చెప్పాడు కదా మొన్న, కిషన్ ఆమె నాతోటి కొట్లాడింది, మీకు మా ఆయన సచ్చుడే గావాలె, పొలం గలుపుకుందామని చూస్తున్నరు, గంజి తాగుతున్న మనిషిని పట్టుకొని ఏడుపు మొకాలు పెట్టుకొని తిరుగుతరేంది, అన్నదని, ఆ రోజు తాను ఏమనుకున్నాడు, పిచ్చిది, నమ్మలేకపోతోంది, శవం వస్తే అర్థమవుతుందిలే అనుకున్నాడు, గంజి ఎక్కడిదని ఒక్కసారి కూడా అడగలేదు, మొదటిరోజే సగం అర్థమైన మనిషి, ఆ సగాన్ని తన యంత్రం పందొమ్మిది రోజులు కూర్చుని చెంచా చెంచాగా తుడిచేసింది.

తప్పు దానిది కాదు, దానికేం తెలుసు, అది ఎలా మాట్లాడాలో రాసిపెట్టిన సూచనల పెట్టె తెరిస్తే పైనుంచి ఏడో లైను తన చేత్తో రాసిందే, చనిపోయిన మనిషి గురించి ఇంట్లోవాళ్లు అడిగితే చనిపోయినట్టు చెప్పకు, సీరియస్‌గా ఉన్నాడు, దవాఖానలో ఉన్నాడు అని ధైర్యం చెప్పు, ఎంత బాగా రాశాను అనుకున్నాడు ఆనాడు, ధర్పల్లి ఎస్తేరమ్మ సంగతి జరిగిన మూడోరోజు రాశాడు, అప్పటికి సాథీ పెట్టి నెలే అయింది, ఎస్తేరమ్మ కొడుకు జాన్ దమ్మామ్‌లో పోయాడు, కాగితాలు ఫోల్డర్లో పడ్డాయి, మా జాను ఫోన్ ఎత్తుతలేడు బిడ్డా అని ఆమె అడగగానే సాథీ ఉన్నదున్నట్టు చదివి చెప్పేసింది, మీ కుమారుడు ఫలానా తేదీన మరణించాడు, మధ్యాహ్నం, ఇంట్లో ఒక్కతే ఉంది, పొయ్యి మీద ఎసరు ఉంది, పడిపోయింది, చుట్టుపక్కలవాళ్లు చూడబట్టి బతికింది, తాను దవాఖానకు పోతే మంచం మీద అటు తిరిగి పడుకుని ఆమె అన్న మాట ఒక్కటే, మనిషొచ్చి చెప్పాలె గద బిడ్డా, ఆ ఒక్క మాటే, తిట్టినా బాగుండేది, మనిషి వెళ్లి చెప్పాలి అని ఆమె అంటే తాను విన్నది ఏమిటి, యంత్రం చెప్పకూడదు అని విన్నాడు, రెండూ ఒకటే అనుకుని ఇంటికొచ్చి ఏడో లైను రాసి, ఇక ఎవరూ పడిపోరు అనుకున్నాడు.

అంతకుముందైతే దాని తెలుగే వేరు, మీ భర్తగారి ప్రయాణ పత్రములు పరిశీలనలో ఉన్నవి అనేది, గిదేందన్నా వార్తలు చదివినట్టు చదువుతది అని ఆడవాళ్లు నవ్వేవాళ్లు, అప్పుడు కూర్చుని ఆర్మూర్ మాటల్లో నలభై నమూనా సంభాషణలు రాసి పెట్టాడు, చెల్లె అని ఎప్పుడనాలి, ఫికర్ జెయ్యకు అని ఎప్పుడనాలి, జవాబులు పొడిపొడిగా ఉన్నాయని యంత్రం మాటల్ని ఎంత సొంతంగా కల్పించుకోవచ్చో చెప్పే మోడల్ టెంపరేచర్ అనే మీటను పాయింట్ రెండు నుంచి పాయింట్ తొమ్మిదికి పెంచాడు, పెంచితే మాటలు ఇంపుగా వచ్చాయి, ఇంకో చెంచా గంజి కూడా అక్కడినుంచే వచ్చిందేమో, చదవడం రాని వాళ్లకు గొంతు కావాలి కదా అని తన గొంతునే ఇచ్చాడు, గదిలో తలుపులేసి, బయట ఆటోల హారన్ పడకుండా బొంత తలమీద కప్పుకుని పది నిమిషాలు పేపరు చదివి రికార్డు చేశాడు, యంత్రం ఆ పది నిమిషాలతో అతని గొంతు పట్టేసింది, భార్య స్వర్ణ మొదటిసారి విని, నీ లెక్కనే ఉన్నది గని జలుబు జేసినా దగ్గు రానోని గొంతు లెక్క ఉన్నది, అంది, ఇద్దరూ నవ్వుకున్నారు, అది పొగడ్త అనుకున్నాడు.

ఆపెయ్యాలి, ముందు ఆపెయ్యాలి, ఎర్ర బటన్ నొక్కాడు, సాథీ ఆగింది, స్క్రీన్ మీద పక్కనే వినోద మాటలు మాత్రం వస్తూనే ఉన్నాయి, బాల్కొండ దాటిన సాథన్నా, కొంచెంసేపటికి, సర్వపిండి చేసిన, దవాఖానోళ్లు తిననిస్తరా, మళ్లీ కొంచెంసేపటికి, ఏంది మాట్లాడుతలేవు, ఆయనకేం గాలే గద, తాను జవాబు టైపు చేద్దామని మొదలుపెట్టాడు, చెల్లె అని కొట్టాడు, చూస్తే అది సాథీ కొట్టినట్టే ఉంది, చెరిపేశాడు, నేను కిషన్‌ను అని కొట్టాడు, నిన్నటిదాకా ఆ మాట అవసరం రాలేదు, ఆ నంబరుకు అవతల ఇద్దరున్నారని ఆమెకెలా తెలుస్తుంది, చెరిపేశాడు, వాయిస్ పెడదామని మైక్ నొక్కితే ఆమెకు వినపడేది పందొమ్మిది రోజులుగా గంజి గురించి చెప్పిన ఆ గొంతే, ఫోన్ చేసినా అదే గొంతు, తన గొంతు తనది కాకుండా పోయింది, రెండున్నర దాటింది, రాజేశ్వర్‌కు ఫోన్ చేసి పెర్కిట్‌కు ముందు నేను పోతున్న, నువ్వు నీ కారు పక్కకే ఆపు, నేను చెప్పేదాక దగ్గర్కి రాకు, అని తాళం కూడా వెయ్యకుండా మెట్లు దిగాడు.

అతని బైకు స్టార్ట్ అయింది, దారి పొడుగునా పసుపు, సర్వీసు రోడ్డు సగం దాకా ఉడకబెట్టిన కొమ్ములు ఆరబోశారు, ఆవిరి వాసన, మట్టి వాసన కలిసిన ఘాటు ముక్కుల్లోంచి గొంతులోకి దిగుతోంది, ఎవరో రైతు కుప్పలోంచి ఒక కొమ్ము తీసి చెవి దగ్గర పెట్టుకుని విరిచాడు, టప్పున విరిగితే ఆరినట్టు, మెత్తగా వంగితే ఇంకా లోపల తడి ఉన్నట్టు, కళ్లతో ఎంత చూసినా తెలియదు, చెవితోనే, తప్పుకో అని హారన్ కొట్టి ముందుకు పోయాడు, ఆ టప్పుమన్న చప్పుడు వెంటే వస్తోంది, ఐదో తరగతిలో ఉన్నప్పుడు బడికి చిన్నాయన వచ్చాడు, నాయినకు జర సీరియస్ ఉంది పా, అన్నాడు, అంతే అన్నాడు, కాని ఎప్పుడూ లేనిది తన పుస్తకాల సంచి ఆయన మోశాడు, ఇంటిదాకా చెయ్యి వదల్లేదు, సీరియస్ అనే మాటలో సీ దగ్గర ఆయన గొంతు ఆగి మళ్లీ మొదలైంది, తనకు అక్కడే తెలిసిపోయింది, దారంతా ఏడుస్తూనే నడిచాడు, ఎందుకేడుస్తున్నవ్ రా సీరియస్ అన్న గద అని ఆయనా ఏడ్చాడు, ఇల్లు వచ్చేసరికి ఏడవడానికి ఇద్దరి దగ్గరా ఏమీ మిగల్లేదు, నాయిన్ని చూసి నిలబడగలిగాడు, అందుకే నిలబడగలిగాడా.

మరి తాను షార్జాలో కొలువు చేసిన ఆరేళ్లూ ఆ పని తనకే పడింది, క్యాంపు ఆఫీసులో టైపింగ్ గుమాస్తా, తెలుగువాడు, ఎవరు పోయినా కిషన్‌తోటి చెప్పియ్యండి అనేవాళ్లు, పదకొండు ఫోన్లు, మోర్తాడ్‌కు, వేల్పూర్‌కు, కోరుట్లకు, పదకొండుసార్లు జర సీరియస్ ఉందమ్మా అన్నాడు, పదకొండుసార్లూ గొంతు సగంలో పట్టుకుంది, అవతల ఏడుపు మొదలయ్యేది, ఫోన్ పెట్టేసి బాత్రూంలో నల్లా తిప్పుకుని నిలబడేవాడు, ఇక నాతోటి గాదు అనుకుని తిరిగొచ్చి ఇల్లు చేరాడు, ఆ సాథీని ఎందుకు పెట్టాడు, ఆ గొంతు ఎందుకు ఇచ్చాడు, పేదవాళ్ల కోసం అని బోర్డు మీద రాసుకున్నాడు, ఎస్తేరమ్మ కోసం అని ఏడో లైను రాసుకున్నాడు, పన్నెండో ఫోన్ తాను చెయ్యకుండా ఉండటానికి, అంతే, ఇంకేం లేదు, గొంతు పట్టుకోని గొంతు ఒకటి చేసి దానికి ఆ పని అప్పజెప్పాడు, అది దగ్గు లేకుండా, ఆగకుండా, ఎంత చక్కగా చేసింది.

పెర్కిట్ చౌరస్తా, రేకుల షెడ్డు కింద బెంచీ మీద వినోద కూర్చుని ఉంది, మడత నలగని ఉతికిన ఆకుపచ్చ చీర, పాదాలకు తాజాగా రాసిన పసుపు, దుమ్ము పడకుండా కాళ్లు కొంచెం పైకి ఎత్తి పెట్టుకుంది, ఒళ్లో స్టీలు టిఫిన్ డబ్బా, పక్కన పాప హైదరాబాద్ వైపు చూస్తూ ప్రతి తెల్లబండికీ లేచి నిలబడుతోంది, రెండు యాభై, ఎక్కడా సైరన్ వినపడదు, శవం తెచ్చే బండి సైరన్ వెయ్యదు, ఆమెకు అది తెలియదు, ఆమె చెవులు సైరన్ కోసమే ఎదురుచూస్తున్నాయి, అతన్ని చూసి నవ్వింది, అన్నా మంచిగొచ్చినవ్, సాథీకేమైందో మాట్లాడుతలేదు, నువ్వన్న చెప్పు బండి యాడిదాక వచ్చింది, గీ సర్వపిండి తినొచ్చా ఆయన, అంది, గంగాకిషన్ దారిలో మాటలు కూర్చుకుంటూనే వచ్చాడు, నిజం చెప్పెయ్యాలి, యంత్రం తప్పు చెప్పింది చెల్లె, నేనే తప్పు చేసిన, లచ్చన్న పందొమ్మిది రోజుల కిందనే, అని వరసగా పేర్చుకున్నాడు, ఆమె ఎదుట నిలబడేసరికి ఒక్కటీ లేదు, నోట్లో మిగిలింది ఆ పాత మాట ఒక్కటే, చిన్నాయన మాట, పదకొండు ఫోన్ల మాట, చెల్లె, లచ్చన్నకు జర సీ, అన్నాడు, అక్కడ ఆగింది, మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ అక్కడే ఆగింది, అతని చెయ్యి ఆమె ఒళ్లోని టిఫిన్ డబ్బాను అందుకోబోయి గాల్లో ఉండిపోయింది.

పాప అమ్మ కొంగు లాగింది, అమ్మా, గిది సాథీ గొంతే, అంది, వినోద అతని మొహంలోకి చూస్తోంది, నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, ఎక్కడికి పోవాలో తెలియక అక్కడే ఉంది, గాదు బిడ్డా, అంది చాలా నెమ్మదిగా, సాథీ గిట్ల మాట్లాడది, గాయిన కిషన్ మామ, అని డబ్బాను బెంచీ మీద, నిండు నీళ్ల గిన్నెను పెట్టినట్టు పెట్టింది, ఎత్తి పెట్టుకున్న పాదాలు దుమ్ములోకి దిగాయి, బావ గూడ గిట్లనే అన్నడు, అంది, నేను ఆయన్ని తిట్టిన, అంది, ఆ తర్వాత ఆమె నోటినుంచి వచ్చింది మాట కాదు, గంగాకిషన్ ఆమె పక్కన నేలమీద కూర్చున్నాడు, హైదరాబాద్ వైపునుంచి తెల్లబండి ఒకటి చప్పుడు లేకుండా, ఆరబోసిన పసుపును తప్పించుకుంటూ నెమ్మదిగా వస్తోంది, మాట ఎప్పుడూ అబద్ధమే, చిన్నాయనదీ, రాజేశ్వర్‌దీ, తనదీ, ఈ ఊళ్లలో ఎవరూ ఆ మాటను నమ్మమని చెప్పరు, అది విరిగే చోటును వినమని చెబుతారు, తాను యంత్రానికి మాట ఒక్కటే ఇచ్చాడు, విరగడం ఇవ్వలేదు, అది ఇవ్వడానికి తాను వచ్చి ఆమె ఎదుట నిలబడాల్సి ఉండింది, మొదటిరోజే.